బొగ్గుల పొయ్యికి నాలుగో గోడ వద్దు

చిట్టితల్లికి,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మధురవాడ ఇంటి పెరట్లో షెడ్డు వేసి బొగ్గుల గ్రిల్ కట్టిస్తున్నావట. మన ఇళ్లలో ఒక ఆడపిల్ల తన జీతం డబ్బుతో తనకు నచ్చినట్టు వంటిల్లు కట్టుకోవడం ఇదే మొదలు. పొద్దున్న వాకింగ్‌లో నలుగురికీ చెప్పాను కూడా. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను చూశాను. మూడు వైపులా గోడలు, నాలుగో వైపు వాన పడితే దించుకోవడానికి కర్టెనా? ఎవడే నీకు చెప్పింది?

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. గట్టు ఎత్తు మేస్త్రి మోచేతికి కాదు, నీ మోచేతికి సరిపోవాలి. నిప్పులు కాంక్రీటు మీద, గ్రానైటు మీద నేరుగా పోయొద్దు. కాంక్రీటులో దాగిన తేమ ఆవిరై పెచ్చులు ఎగురుతాయి, గ్రానైటు పగులుతుంది. కింద ఫైర్ బ్రిక్స్ పరిచి, ఫైర్ క్లేతో అతికించాలి, మామూలు సిమెంటుతో కాదు. సముద్రపు ఉప్పుగాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లో ఉండదు, స్టీలు కొంటే 316 గ్రేడు అడుగు. ఆరిపోయిందనుకున్న బూడిదను మూత ఉన్న ఇనప బకెట్లో రెండు రోజులుంచి పారబొయ్యి.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మ నీకు ఎప్పుడూ చెప్పి ఉండదు.

గాజువాకలో ఉన్నప్పుడు పెరట్లో నేనూ ఒక షెడ్డు వేశాను. ఇటుకల పొయ్యి, సరుగుడు బొగ్గులు, పైన రేకులు. ఒక ఆదివారం అందరూ వచ్చారు. నువ్వింకా పుట్టలేదు. బయట ముసురు. కోనెం చేప ముక్కలు కాల్చినంతసేపూ పొగకి కళ్లు మండుతున్నాయని అంతా దూరంగానే కూర్చున్నారు. తినడం అయ్యాక బొగ్గుల మీద తెల్లటి బూడిద కట్టింది. పొగ లేదు, వెచ్చగా ఉంది. స్టూళ్లు దగ్గరకు జరిగాయి. జల్లు కొడుతోందని తెరిచి ఉన్న ఆ ఒక్క వైపూ నేనే టార్పాలిన్ దించాను. నేనే!

కాసేపటికి మీ అమ్మ తల పట్టుకుంది. వికారంగా ఉందంది. గ్యాస్ పట్టి ఉంటుందని సోడా తాగించాం. గ్యాసే, కానీ కడుపులోది కాదు. నాకూ తల దిమ్ముగా ఉంది, ముసురు వల్ల అనుకున్నాను. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మీ నాన్న టార్పాలిన్ ఎత్తి, "ఏంటి మావా, అందరూ ఇలా తూలుతున్నారు?" అన్నాడు. అప్పటికే మీ అమ్మ స్టూలు మీంచి పక్కకి ఒరిగిపోతోంది. వానలోనే బయటకు మోసుకొచ్చాం. ఆస్పత్రిలో గంటల తరబడి ఆక్సిజన్ పెట్టాక తేరుకుంది.

సిగ్గుచేటు ఏమిటంటే, నేను విశాఖ ఉక్కు కర్మాగారం వాణ్ణి. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టిన బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర, ఆ రోజు మమ్మల్ని పట్టిన ఈ బొగ్గుల గ్యాసు, కార్బన్ మోనాక్సైడ్ అంటే ఏంటో కొత్త కుర్రాళ్లకి చెప్పినవాణ్ణి. దానికి రంగుండదు, వాసనుండదు, రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. ఇవన్నీ నోటికి వచ్చు. ప్లాంటు గేటు దాటి ఇంటికొస్తే బొగ్గు నాకు వంట చెరుకైపోయింది, అంతే. ఆ వారమే షెడ్డు పీకేశాను. ఇప్పటికీ ఎవరైనా తలనొప్పి అంటే ముందు కిటికీ తీస్తాను. మీ అత్త నవ్వుతుంది.

అందుకే, ఒక్క గోడ చాలు. వాన పడితే వంట ఆపెయ్యి, తడిసిన చేపకి ఏమీ కాదు. పైన రేకు ఎంత తక్కువనుకున్నా తొమ్మిది అడుగుల ఎత్తున ఉండాలి. పొయ్యి మీద చిమ్నీ గొడుగు పొయ్యి కంటే అన్ని వైపులా జానెడు వెడల్పుండాలి.

మేస్త్రి ఆగ్నేయం అంటాడు. వాస్తుకి నేనూ అడ్డు చెప్పను. కానీ మన ఊళ్లో సముద్రం ఉన్నదీ దాదాపు అటే. సాయంత్రం గాలి వచ్చేదీ అటునుంచే. పొగంతా తిన్నగా నీ హాల్లోకి వస్తుంది. పునాది తీయకముందు నాలుగు సాయంత్రాలు ఆ జాగాలో సాంబ్రాణి వేసి, పొగ ఎటు పోతుందో చూడు.

ఇంకొకటి, రేకులు. హుద్‌హుద్ తుఫాను వచ్చిన 12 అక్టోబర్ 2014న నువ్వు హైదరాబాద్‌లో ఉన్నావు కాబట్టి నీకు తెలీదు. ఎవరి మేడ మీదిదో ఒక రేకు ఎగిరొచ్చి మన వేపచెట్టు కొమ్మని కత్తితో నరికినట్టు నరికేసింది. రేకుల్ని జె హుక్కులతో బిగించి, స్తంభాల్ని పునాదిలోకి దింపమను. వెల్డింగ్ చుక్కలు పెట్టి వెళ్లిపోతే ఊరుకోకు. డబ్బులు నీవి, గట్టిగా అడుగు.

కోప్పడ్డాననుకోకే. ఆదివారం టేపు పట్టుకుని వస్తాను, అప్పటిదాకా పలుగు వెయ్యనివ్వకు. వచ్చేటప్పుడు ఫిషింగ్ హార్బర్ నుంచి వంజరం నేనే తెస్తాను, నువ్వు కొంటే ఐసులో పెట్టింది అంటగడతారు. మీ అమ్మనీ పిలు. తను ఎప్పుడూ పొయ్యి దగ్గరికి జరుగుతుంది. తన స్టూలు మాత్రం గాలి వచ్చే వైపు వెయ్యి.

మీ మావయ్య