సెలవు దొరకని క్రిస్మస్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లె. కువైట్‌లో ఒక ఇంట్లో ఖాదిమా పని, అంటే ఇంటి పని చేస్తున్నాను. నా పిల్లలిద్దరూ మా అమ్మ దగ్గర ఉన్నారు. చలికాలం రాగానే మామా, బాబా (ఇంటి యజమానురాలు, యజమాని) వాళ్ళు పిల్లలతో ఎడారిలో గుడారాలకి వెళ్తారు, నన్నూ తీసుకెళ్తారు. పోయినేడు క్రిస్మస్ నాడు అక్కడే ఇంటిల్లిపాదికీ, వచ్చిన చుట్టాలకీ మచ్‌బూస్ అనే మాంసం అన్నం వండి, అర్ధరాత్రి దాకా గిన్నెలు తోముతూ ఉన్నాను. మా పిల్లలు కొత్త బట్టల్లో ఫోటోలు పంపారు. ఫోన్లో మా పాస్టరుగారు "దేవుడికి కృతజ్ఞతలు చెల్లించమ్మా" అన్నారు. దేనికి చెల్లించాలో నాకు తోచలేదు. ఇలా అనుకోవడం పాపమా? ఈసారి పండగ ఎలా చేసుకోను?
ఒక సోదరి, కువైట్

జవాబు: పాపం కాదు తల్లీ. బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును తలుచుకుని ఏడ్చినవాళ్ళ పాట మన బైబిల్లోనే ఉంది, 137వ కీర్తన. పరాయి దేశంలో యెహోవా కీర్తనలు ఎలా పాడతాం అని వాళ్ళు అడిగారు. ఆ ప్రశ్నని దేవుడు తోసిపుచ్చలేదు, తన గ్రంథంలో చోటిచ్చాడు. నీకు ఏడుపొస్తే ఏడువు. ముందు కళ్ళు తుడుచుకుని స్తోత్రం చెప్పు అని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు.

నేను కువైట్ సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని. డిసెంబరు 25 అక్కడ మామూలు పనిరోజు. నా క్రిస్మస్‌లు చాలా వరకు నైట్ డ్యూటీలోనే వెళ్ళిపోయాయి. కానీ నాకు డ్యూటీ దిగే గంటంటూ ఒకటి ఉండేది, నీకది లేదు. అందుకని ముందు చట్టం సంగతి చెబుతాను. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళ కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవివ్వాలి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవివ్వాలి. చాలా ఇళ్ళల్లో ఇది కాగితం మీదే ఉంటుందని నాకూ తెలుసు. అయినా చెబుతున్నాను, ఎందుకంటే సెలవడిగేటప్పుడు నువ్వు దానం అడగడం లేదు. జీతం ఆపినా, కొట్టినా మాత్రం పండగ దాకా ఓర్చుకోకు. దయ్యా అనే ప్రాంతంలో ఉన్న మన ఎంబసీకి వెళ్ళు, లేదా ఎవరి చేతైనా ఫోన్ చేయించు.

సెలవు 25నే కావాలని పట్టుబట్టకు. గుడారాల నుంచి ఇంటికి తిరిగొచ్చాక పడే మొదటి శుక్రవారం అడుగు. అదీ ఇప్పుడే అడుగు, పండగ ముందు రోజు కాదు. "మా ఈద్" అని చెప్పు, మామాకి అర్థమవుతుంది. శుక్రవారం కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలోకి వెళ్ళావంటే ఒక గదిలో మలయాళం, పక్క గదిలో తమిళం, ఇంకో చోట తెలుగు, అవతల ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఒక కూడిక ముగుస్తుంటే తర్వాతివాళ్ళు గిటార్లు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటారు. అక్కడ ఆసుపత్రి నడిపిన అమెరికా మిషనరీలు 1931లో కట్టిన గుడి అది. మొదట్నుంచీ ఊరు కాని ఊళ్ళో బతికేవాళ్ళ గుడే.

ఇంకో సంగతి. ఐగుప్తు కోప్టులకీ, ఇథియోపియా వాళ్ళకీ క్రిస్మస్ జనవరి 7న. మీ వీధిలోనే ఏదో ఇంట్లో ఇథియోపియా అమ్మాయి ఒకతె ఉండే ఉంటుంది, అడిగి చూడు. మన క్రిస్మస్ గుడారాల్లో గడిచిపోతే ఆ అమ్మాయి క్రిస్మస్‌కి నువ్వు వెళ్ళొచ్చు. ప్రభువు పుట్టిన తేదీ సువార్తల్లో ఎక్కడా లేదు. ఉన్నదల్లా పుట్టిన చోటు, ఆ వార్త ముందు ఎవరికి అందిందనేది. పొలంలో రాత్రివేళ మంద కాచుకుంటున్నవాళ్ళకి అందింది. వాళ్ళు సెలవు పెట్టి కూర్చున్నవాళ్ళు కాదు, డ్యూటీలో ఉన్నవాళ్ళు. నైట్ డ్యూటీలో మందుల ట్రే తోసుకుంటూ నేను పట్టుకుని నిలబడింది ఈ మాటనే. చలిలో, గుడారం బయట, బాబావాళ్ళ గొర్రెల పక్కన నిలబడి గిన్నెలు తోముతున్న నీకు ఆ మొదటి క్రిస్మస్ రాత్రి మాకందరికంటే దగ్గర. నువ్వు నిప్పుల మీద బఖూర్ ధూపం వేసి అతిథుల మధ్య తిప్పుతావు కదా, జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి కూడా ఈ అరేబియా వైపు చెట్ల నుంచి కారేదే.

ఇక కృతజ్ఞత. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. కొందరు నర్సులం కలిసి బస్సులో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకి చేరాం. ఎండ, దుమ్ము, గుడారాలు. నీళ్ళ ట్యాంకరు వస్తే తోపులాట. మా ముందు వరసలో ఐగుప్తు ఆయన ఒకాయన, పేరు కూడా తెలియదు, తన రొట్టెని మధ్యకి చించి సగం నా చేతిలో పెట్టాడు. ఎండిపోయి అట్టలా ఉంది, అంచుకి ఇసుక అంటుకుని ఉంది. ఒకే గ్లాసు నీళ్ళలో ముంచుకుని ఇద్దరం తిన్నాం. తర్వాత అమ్మాన్‌లో విమానం ఎక్కి బొంబాయిలో దిగాను. అప్పుడు మన ప్రభుత్వం అలా లక్షా డెబ్బై వేల మంది దాకా ఇంటికి చేర్చింది. ఆ ఏడు మా ఊరి కూడికలో సాక్ష్యం చెప్పమన్నారు. యుద్ధం గురించి చెబుతానని అందరూ ఎదురు చూశారు. నేను ఆ సగం రొట్టె గురించే చెప్పాను, ఆ మనిషి కోసమే ప్రార్థన చేశాను. ఇప్పటికీ చేస్తాను.

అందుకే అంటున్నాను, నీ బతుకు మొత్తానికి కృతజ్ఞత చెప్పాలని చూడకు. అంత పెద్ద మాట నిజంగా నోటికి రాదు, వస్తే అబద్ధంలా ఉంటుంది. నీ వీపు నొప్పికీ, పిల్లల ఎడబాటుకీ స్తోత్రం చెప్పమని దేవుడు అడగడు. చెప్పేదేదో చిన్నదానికి చెప్పు, మనిషి పేరు పెట్టి చెప్పు. ఫోన్‌లో డబ్బులు వేయించిపెట్టే డ్రైవరు, జ్వరమొచ్చిన రోజు నీ వంతు పని చేసిపెట్టిన అమ్మాయి. దేవుడికి చెప్పాక ఆ మనిషికీ చెప్పు. అన్నిటికంటే ముందు మీ అమ్మకి చెప్పు. ఆ వయసులో ఇద్దరు పిల్లలకి జడలేసి, క్యారేజీ కట్టి బడికి పంపుతోంది. ఎప్పుడైనా నోరు తెరిచి ఆవిడకి చెప్పావా?

డబ్బు సంగతి నువ్వు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. గల్ఫ్ నుంచి డబ్బొచ్చే ఇల్లంటే పండక్కి అందరి కళ్ళూ దాని మీదే. పెద్ద నక్షత్రం, సెమీ క్రిస్మస్‌కి ఊరందరికీ బిర్యానీ, వీధి మొగలో ఫ్లెక్సీ. వడ్డీకి తెచ్చి ఇవన్నీ చేసి, ఆ అప్పు తీర్చడానికి ఇంకో రెండేళ్ళ కాంట్రాక్టు మీద వెళ్ళిన ఆడవాళ్ళని నేను చూశాను. అది చూస్తే నాకు కడుపు మండుతుంది. పిల్లలకి చెరో జత బట్టలు, రంగు కాగితంతో ఇంట్లో చేసిన నక్షత్రం, క్యారల్స్‌కి వచ్చినవాళ్ళకి టీ. ఇంతకు మించి పంపనని ఇప్పుడే చెప్పేయ్.

ఫోన్ విషయం కూడా ఉంది. మీకు మనకంటే రెండున్నర గంటలు వెనక. ఊళ్ళో తెల్లవారుజామున 5 గంటల ఆరాధన నీకు రాత్రి రెండున్నరకి. పగలంతా చాకిరీ చేసి ఆ వేళకి లైవ్ చూస్తూ కూర్చుంటే మర్నాడు లేవలేవు. పిల్లల చేత వాళ్ళు పాడిన పాట ఒక్కటి రికార్డు చేయించి పంపించమను. తీరికైనప్పుడు విను.

ప్రశ్న: వదినగారూ, మాది తెనాలి. మా అమ్మాయి దగ్గరికి డాలస్ వచ్చాను. నవంబరులో థాంక్స్‌గివింగ్ అని ఇక్కడ పెద్ద హడావిడి. అల్లుడి ఆఫీసువాళ్ళు మమ్మల్నందరినీ భోజనానికి పిలిచారు. అది మన పండగ కాదు కదా, బైబిల్లో లేదు కదా, వెళ్ళొచ్చా? మనవరాలు "నీకు దేనికి థాంక్స్?" అని బళ్ళో హోమ్‌వర్క్‌లా నన్ను అడుగుతోంది.
ఒక అమ్మమ్మ, టెక్సాస్

జవాబు: తప్పకుండా వెళ్ళండి వదినా. బైబిల్లో ఆ పేరుతో లేదు గానీ మీకు తెలియని పండగా అది? మన కోత పండగే కదా. కొత్త బియ్యం బస్తా, గుమ్మడికాయ, కాళ్ళు కట్టేసిన పుంజు, కొబ్బరి గెల అన్నీ బలిపీఠం ముందు పెట్టడం, ఆరాధనయ్యాక సంఘపెద్ద నిలబడి వేలం పాడటం, పది రూపాయల సొరకాయ పోటీలో వందలకి పోవడం. అవన్నీ మీ మనవరాలికి చెప్పండి. పుంజు తాడు తెంపుకుని గుళ్ళో పరిగెత్తిన సంగతి ఉంటే అదీ చెప్పండి, ఆ వయసు పిల్లకి మిగతా అంతటికంటే అదే బాగా గుర్తుంటుంది.

వాళ్ళ పండగ కథ కూడా తెలుసుకుని వెళ్తే మంచిది. 1621లో ప్లిమత్‌లో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళు మొదటి పంట చేతికొచ్చాక, ఆ నేల మీద ముందునుంచీ ఉన్న వాంపనోగ్ తెగవాళ్ళతో కలిసి విందు చేసుకున్నారు. అంతర్యుద్ధం మధ్యలో 1863లో లింకన్ దేశమంతా కృతజ్ఞతాదినం పాటించాలని ప్రకటించాడు. నవంబరు నాలుగో గురువారం అని 1941లో చట్టం చేశారు. ఆ విందులో కూర్చున్న తెగవాళ్ళ భూమి తర్వాత వాళ్ళకి దక్కలేదు. 1970 నుంచి అదే రోజున అదే ప్లిమత్‌లో వాళ్ళ వారసులు, ఇతర తెగలవాళ్ళు సంతాపదినం పాటిస్తున్నారు. భోజనం ముందు ప్రార్థనలో వాళ్ళనీ తలుచుకోండి. ఎవరి పొలంలో పండిందో మరిచిపోయి చెప్పే కృతజ్ఞత నాకు సగమే అనిపిస్తుంది.

టర్కీ కోడి చప్పగా ఉంటుంది, మీకు ముద్ద దిగకపోవచ్చు. ఓ గిన్నెడు పులిహోర కలిపి పట్టుకెళ్ళండి, నచ్చుతుంది. ఇంకో పని మీ అమ్మాయికి చెప్పండి. డెంటన్, ఆర్లింగ్టన్ యూనివర్సిటీల్లో మన తెలుగు పిల్లలు బోలెడంత మంది చదువుతున్నారు. ఆ నాలుగు రోజులూ క్లాసులుండవు, తోటి అమెరికా పిల్లలు ఇళ్ళకి వెళ్ళిపోతారు, మనవాళ్ళు అపార్టుమెంట్లలో నూడుల్స్ తింటూ ఉండిపోతారు. శుక్రవారం మధ్యాహ్నం ఓ నలుగురిని పిలిచి కోడిపులుసు, గారెలు పెట్టండి. ఏ మతంవాళ్ళని చూడకండి. మనవరాలి ప్రశ్నకి జవాబు ఆ పూట మీరు చెప్పక్కర్లేదు, ఆ పిల్ల వడ్డిస్తూ చూస్తుంది.

ప్రశ్న: అక్కా, నాది మెదక్ దగ్గర ఊరు. దుబాయ్ల క్యాంపుల ఉంటున్న. మా రూముల ఎనిమిది మందిమి, క్రైస్తవులం ముగ్గురమే. మిగతావాళ్ళు జగిత్యాల, నిజామాబాద్ దిక్కు హిందువులు, ఒక ముస్లిం అన్న. క్రిస్మస్ నాడు రూముల పాటలు పాడుకోవచ్చా? మెదక్ గుడి యాదికొస్తే పానం ఆగుతలేదు.
ఒక తమ్ముడు, దుబాయ్

జవాబు: తమ్ముడూ, మెదక్ గుడి యాదికి రాకుండా ఎట్లా ఉంటుంది! 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజే దాన్ని ప్రతిష్ఠించారు. కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకి మిషనరీ పోస్నెట్ దొర పని ఇచ్చి, కూలి ఇచ్చి కట్టించిన గుడి. అంటే మీ తాతల తరం ఊళ్ళలో రాళ్ళు మోసి అన్నం తిన్నవాళ్ళు లేచి నిలబెట్టింది. నువ్విప్పుడు దుబాయ్‌లో మోస్తున్నదీ ఇంటికి అన్నం పెట్టేదే. ఆ గుడితో నీకు తెగిపోయింది ఏమీ లేదు.

రూములో పాడుకోవడానికి ముందు మిగతా ఐదుగురినీ అడుగు. రాత్రి షిఫ్టు చేసి పడుకున్న మనిషి ఉంటే ఆయన లేచాకే పాడండి, డప్పు వద్దు. పాట అయ్యాక వండింది ఎనిమిది మందీ కూర్చుని తినండి. ఆ ముస్లిం అన్న కోసం హలాల్ మాంసమే తీసుకురండి. పక్క గదులవాళ్ళని పోగుచేసి పెద్ద కూడిక పెట్టొద్దు, ఫేస్‌బుక్‌లో లైవ్ అసలే వద్దు. పెద్ద ఆరాధన అనుమతి ఉన్న గుడిలోనే చేసుకోవాలి, అది అక్కడి రూలు. ఊద్ మేథాలో హోలీ ట్రినిటీ చర్చి ఉంది, గ్రీన్ లైన్ మెట్రోలో ఊద్ మేథా స్టేషన్‌లో దిగు. జబల్ అలీ వైపు క్యాంపయితే అక్కడా గుళ్ళున్నాయి. 24 సాయంత్రం విపరీతమైన రద్దీ ఉంటుంది, తెలుగు ఆరాధన ఎన్ని గంటలకో ముందువారమే కనుక్కుని, ముగ్గురూ కలిసి తొందరగా బయలుదేరండి. 25న డ్యూటీ పడితే 31 రాత్రి కూడికకైనా వెళ్ళే వీలుంటుంది, మరుసటి రోజు అక్కడ అందరికీ సెలవే.