మే నెలంతా వైజాగ్‌లో గడపబోతున్న మా అమ్మడికి

అమ్మడూ,

ఆదివారం మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మనాలీ ప్యాకేజీ వద్దనుకున్నావట. మే నెలంతా పిల్లల్ని తీసుకుని వైజాగ్ వస్తున్నావట. రోజుకో సరదా, రోజుకి నూట యాభై రూపాయలు దాటకూడదని నోటుబుక్కులో గళ్ళు కూడా గీశావట. ఆ నోటుబుక్కు సంగతి చెప్పేటప్పుడు మీ నాన్న గొంతులో గర్వం దాగలేదు. నాకూ దాగలేదు. అప్పు చేసైనా పిల్లలకి మంచు చూపించాలనుకునే ఈ రోజుల్లో, నా ఊరు చూపిస్తాను అన్న పిల్ల మా ఇంట్లో ఉందని మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పాను.

ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్ పెట్టేసేముందు మీ నాన్న, "పిల్లలు రోజూ బీచ్‌కే వెళ్దామంటున్నారు అన్నయ్యా" అన్నాడు. అని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. మేమిద్దరం అలా ఊరుకోవడం యాభై ఏళ్ళుగా నడుస్తోంది. ఈ ఉత్తరంలో దాని సంగతి రాస్తాను. ముందు మామూలు మాటలు చెప్పనీ.

నీళ్ళ సీసా, నూలు బట్టలు, ఉప్పు వేసిన మజ్జిగ, పదకొండు నుంచి నాలుగు దాకా నీడ. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది గాలి సంగతి. హైదరాబాద్‌లో ఎండ మాడుస్తుంది, మన ఊళ్ళో ఉక్క పిండేస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కితే సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. అది వేళకి వచ్చిన రోజు మధ్యాహ్నం గండం గడిచినట్టే. పడమటి గాలి గట్టిగా వీచి దాన్ని ఆపేసిన రోజు ఊరంతా పెనం అయిపోతుంది. అందుకని పొద్దున పదింటికి డాబా ఎక్కి తడి తువ్వాలు ఆరేసి, కాసేపు నిలబడి చూడు. అది పడమటికి ఊగుతుంటే సముద్రపు గాలి వచ్చేసినట్టు, సాయంత్రం షికారు ఖాయం చేసుకో. తూర్పుకి ఊగుతుంటే ఆ రోజు పిల్లల్ని గుమ్మం దాటనివ్వకు. మీ నాన్నమ్మ రోజూ పొద్దున ఆరేసిన చీరని చూసే మా ప్రోగ్రాం చెప్పేది.

గుమ్మం దాటని రోజుల కోసం పళ్ళున్నాయి. పూర్ణామార్కెట్‌కి పొద్దున్నే వెళ్ళి సువర్ణరేఖ కొను. బంగినపల్లి నీకు హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది. భుజాల మీద ఎర్రగా ఉండే ఈ సువర్ణరేఖ మన ఉత్తరాంధ్ర తోటల పండు, ముందొచ్చి ముందే అయిపోతుంది, ఆలస్యం చెయ్యకు. తాటి ముంజలు ఒలిచి పొట్లం కట్టినవి తీసుకోకు. కాయ ముట్టె కోయించి, బొటనవేలు పెట్టి తినడం పిల్లలకి నేర్పు. ఆ నీళ్ళు చొక్కా మీద కారాలి, లేకపోతే ముంజ తిన్నట్టే కాదు. జీడిమామిడి పళ్ళు కనబడితే ఉప్పు రాసి పెట్టు, గొంతు కాస్త పట్టేస్తుంది, అయినా ఆ వాసన వాళ్ళకి తెలియాలి. గింజ మాత్రం వాళ్ళ చేతికివ్వకు, దాని తొక్కలోని జీడి తగిలితే చర్మం పొక్కుతుంది. మీ నాన్న చిన్నప్పుడు దాన్ని కొరికి వారం రోజులు మూతి వాచి తిరిగాడు. అడిగితే ఒప్పుకోడు.

భీమిలి బస్సు సరదాని నీ గళ్ళలో ఒకసారే రాసుకున్నావని విన్నాను. రెండుసార్లు రాసుకో. బీచ్ రోడ్డు మీదుగా వెళ్ళేదేనా అని కండక్టర్‌ని అడిగి ఎక్కు. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, వచ్చేటప్పుడు ఎడమవైపు. అంత దూరం సముద్రం మనతో పాటే వస్తుంది. అక్కడ గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఒడ్డు నుంచే చూపించు. పాత డచ్చి వాళ్ళ సమాధులు చూపించు. దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎండెక్కక ముందే చూడాలి, తరవాత అక్కడ నీడ దొరకదు.

బీచ్ ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళు. అది 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించింది. 91 మీటర్ల పొడవు. లోపల అంత ఇరుకులో మనుషులు ఎలా పడుకున్నారో పిల్లలు చూడాలి. సోమవారం వెళ్ళకు, సెలవు. మ్యూజియం తెరిచిన కొత్తలో మీ స్కూలు వాళ్ళు అందర్నీ తీసుకెళ్తే, మీ నాన్న నిన్నొక్కదాన్ని పంపలేదు. నీకప్పుడు పన్నెండేళ్ళు. గేటు పట్టుకుని ఏడ్చావని మీ అమ్మ నాకు చెప్పింది.

ఇప్పుడు ఆ సంగతి రాస్తాను.

1974 మే నెల. నాకు పంతొమ్మిదేళ్ళు, పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మీ నాన్నకి పదేళ్ళు. వాడికి మీ తాతయ్య కొత్త హవాయి చెప్పులు కొన్నాడు, నీలం పట్టీలవి. మా ఇంట్లో కొత్త చెప్పులంటే పండగతో సమానం. రాత్రి వాటిని తలగడ పక్కన పెట్టుకుని పడుకునేవాడు. ఆ సాయంత్రం మీ నాన్నమ్మ పుల్ల ఐసులకని అర్ధరూపాయి నా చేతిలో పెట్టి, "వాణ్ణి జాగ్రత్తగా తీసుకురా" అంది. ఇద్దరం లాసన్స్ బే వైపు నడిచాం.

నేను జాగ్రత్తగానే ఉన్నాను అమ్మడూ. ఇన్నేళ్ళుగా నన్ను తినేస్తున్నది అదే. ఒడ్డు పొడుగునా చూశాను. అలలు ఎత్తుగా లేచి విరిగి నురగ కక్కుతున్న చోట్లన్నీ వద్దనుకున్నాను. మధ్యలో ఒక ఇరవై అడుగుల మేర అలే లేదు. నీళ్ళు కాస్త నల్లగా, చెరువులా కదలకుండా ఉన్నాయి. ఇక్కడైతే భయం లేదనుకున్నాను. నేనే వాడి చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాను. "మోకాళ్ళ దాకా దిగు, అంతకంటే పోవద్దు" అన్నాను. గవ్వలు గుచ్చుకుంటాయని చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

ఐసుబండి గంట వినిపించింది. పది అడుగులు వేసి, రెండు ఐసులు తీసుకుని, చిల్లర చూసుకుని వెనక్కి తిరిగాను. వాడు అక్కడ లేడు. చాలా దూరంలో, నీళ్ళ మీద ఒక తల, ఒక చెయ్యి. అరవడం లేదు. మునిగిపోయేవాళ్ళు అరుస్తారని నేను అనుకునేవాణ్ణి. అరవరు. నోటి నిండా నీళ్ళుంటాయి.

నాకు ఈత రాదు. పరుగెత్తాను. నడుము లోతుకి వెళ్ళేసరికి కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది, నీళ్ళు నన్నూ లోపలికి లాగుతున్నాయి. ఆగిపోయాను. నా తమ్ముడు అక్కడ ఉన్నాడు, నేను ఆగిపోయాను.

పెదజాలరిపేట వాళ్ళు ఇద్దరు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నారు, ఒక ముసలాయన, ఒక కుర్రాడు. కుర్రాడు నేను దిగిన చోటే దూకాడు. ఆ లాగుడు అతన్ని కూడా క్షణాల్లో లోపలికి తీసుకుపోయింది. మీ నాన్న జుట్టు పట్టుకున్నాడు. పట్టుకుని ఒడ్డుకి రాడే! పక్కకి ఈదుకుంటూ పోతున్నాడు. ఇటు రా, ఇటు రా అని గొంతు చించుకున్నాను. అతను వినలేదు. పక్కన అలలు విరుగుతున్న చోటికి చేరాడు. అంతే, ఆ అలలే ఇద్దర్నీ తోసుకుంటూ తెచ్చి ఇసుక మీద పడేశాయి.

ముసలాయన మీ నాన్నని పక్కకి తిప్పి నీళ్ళు కక్కించాడు. తరవాత నా వైపు చూసి, "అల ఇరగని సోట దిగకూడదు బాబూ. ఒడ్డుకొచ్చిన నీరంతా ఎనక్కెళ్ళేది ఆ దారినే" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బట్టలు ఆరేదాకా రాళ్ళ మీద కూర్చున్నాం. "అమ్మకి చెప్పకు అన్నయ్యా, మళ్ళీ నీతో పంపదు" అన్నాడు వాడు. చెప్పులు సముద్రంలో పోయాయి. ఇంటికెళ్ళాక చెప్పులేవిరా అంటే, ఆడుతూ పారేసుకున్నానన్నాడు. మీ తాతయ్య బెల్టు తీశాడు. నేను పక్కనే ఉన్నాను, గోడకి ఆనుకుని. ఒక్క మాట అంటే దెబ్బలు ఆగేవి. అనలేదు. వాడు దెబ్బలు తింటూ కూడా నా వైపు చూడలేదు, చూస్తే బయటపడిపోతానని.

మీ నాన్న ఈ ఊళ్ళో పుట్టి, సముద్రం కనబడకుండా మర్రిపాలెంలో ఎందుకు ఇల్లు కట్టుకున్నాడో, నిన్ను సబ్‌మెరైన్‌కి ఎందుకు పంపలేదో ఇప్పుడు అర్థమైందా? నువ్వు కాలేజీలో ఉండగా చెప్పకుండా బీచ్‌కి వెళ్ళి దొరికిపోయావు. ఆయన నీతో నెల రోజులు మాట్లాడలేదు. "నాన్నకి ఎందుకింత మొండితనం పెదనాన్నా?" అని నా దగ్గరికొచ్చి ఏడ్చావు. నీకు టీ ఇచ్చి, తల నిమిరి, బస్సెక్కించాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఆ కోపం నా మీద పెట్టుకో తల్లీ, మీ నాన్న మీద వద్దు.

నీ నోటుబుక్కులో ఏడు గళ్ళలో సముద్ర స్నానం అని ఉందట. ఏమనుకుంటున్నావసలు? ఎనిమిదేళ్ళవాడు ఒకడు, ఐదేళ్ళది ఒకతి, నువ్వొక్కదానివి, నీకున్నవి రెండు చేతులు. ఆ ఏడూ కొట్టెయ్. ఇప్పుడే, ఈ ఉత్తరం పక్కన పెట్టి కొట్టేసి రా.

కొట్టేశావా? సరే, సముద్రానికే వెళ్ళొద్దని నేను అనడం లేదు. మీ నాన్న చేసిన తప్పు నువ్వూ చేస్తే, రేపు ఆ పిల్లలు కూడా నీకు చెప్పకుండానే వెళ్తారు. వెళ్ళండి. తెల్లవారుజామున వెళ్ళండి, మన ఒడ్డున సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. బీచ్ రోడ్డు మీద ఆ వేళ బళ్ళు ఆపేస్తారు, పిల్లలు రోడ్డు మధ్యలో పరుగెత్తొచ్చు. సాయంత్రం మురీ మిక్స్చర్ పొట్లం కొనిచ్చి తడి ఇసుక మీద కూర్చోబెట్టు. పీతలు బొరియల్లోకి దూరడం చూడనీ, గూళ్ళు కట్టనీ. అల వచ్చి పాదాలు కడిగి వెళ్తే చాలు, చీలమండ దాటితే వెనక్కి లాగు. నువ్వు సముద్రం వైపు నిలబడు, వాళ్ళు ఒడ్డు వైపు ఉండాలి. ఫోన్ సంచిలో పెట్టు. ఐసు కొనాలంటే ముందు ఇద్దర్నీ నీళ్ళ దగ్గర్నుంచి తీసుకొచ్చి, వాళ్ళతోనే బండి దగ్గరికి వెళ్ళు. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, ఆ రోజుల్లో గట్టు మీదే కూర్చోండి. ఎక్కడ అల విరగడం లేదో, నీళ్ళు ఎక్కడ నల్లగా ఊరుకున్నాయో గట్టు మీంచి పిల్లల చేతే వెతికించు. రెండు రోజుల్లో నీకంటే ముందు వాళ్ళే పట్టేస్తారు. ఎవరైనా ఆ లాగుడులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదని, తేలుతూ పక్కకి, ఒడ్డు వెంబడి ఈదాలని చెప్పు. నువ్వు కూడా గుర్తుపెట్టుకో. ఇలా రాస్తున్నా చెయ్యి వణుకుతోంది, అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

మిగతా గళ్ళు నింపడం కష్టం కాదు. ఉక్కపోత మధ్యాహ్నాల్లో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చోబెట్టు. ఒక పొద్దున తొట్లకొండ ఎక్కండి, రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ విహారం, రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. అంత ఎత్తు నుంచి సముద్రాన్ని చూస్తే నాకు కూడా భయం వెయ్యదు. సింహాచలం వెళ్తే సంపెంగలు కొని మీ అమ్మకి తీసుకెళ్ళు. చందనోత్సవం నాడు మాత్రం పిల్లలతో వద్దు, స్వామి నిజరూపం ఏడాదికి ఆ ఒక్క రోజే కాబట్టి కొండంతా జనమే ఉంటారు. రాత్రి డాబా మీద రెండు బకెట్లు నీళ్ళు చల్లి పక్కలు వెయ్యి. దానికి ఖర్చు లేదు కదా, నోటుబుక్కులో సున్నా అని రాసుకో, నాకు ఆ పేజీ ఫోటో తీసి పంపు. నా మోకాళ్ళు ఒప్పుకుంటే నేనూ వచ్చి ఆ డాబా మీద పడుకునేవాణ్ణి.

ఈ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించు. నేను ఎదురుగా ఉండి చెప్పలేను. తరవాత ఒక సాయంత్రం ఆయన్ని కూడా పిలిచి చూడు, గట్టు దాకా. రానంటే బలవంతపెట్టకు.

ఇంకొక పని. నీ ఫోన్‌కి మూడు వందలు పంపాను, ఇది నీ నూట యాభైలో కలపకు. పూర్ణామార్కెట్‌లో మీ నాన్నకి ఒక జత హవాయి చెప్పులు కొను. నీలం పట్టీలవే చూడు. సైజు ఎనిమిదో తొమ్మిదో, మీ అమ్మని అడుగు.

మీ పెదనాన్న