వెనక కారు ఎందుకు దాటలేకపోతోంది?

ప్రశ్న: ఫార్ములా వన్‌లో వెనక కారు సెకను దూరం దాకా దూసుకొస్తుంది, ఆపైన ఇరవై ల్యాపులైనా దాటలేదు. ఊరేగింపు చూసినట్టుంది. దీనికి మందు లేదా?
— ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తప్పు డ్రైవర్‌ది కాదు, గాలిది. రేణిగుంట రోడ్డులో లారీ వెనకే బైకు నడిపినవాళ్లకు ఇది తెలుసు. ఎదురుగాలి తగ్గి బండి తేలిగ్గా పోతుంది, కానీ హ్యాండిల్ ఊగిపోతుంది. రేసు కారుకు ఆ తేలిక నేరుదారిలో కలిసొస్తుంది, ఆ ఊగడం మలుపులో దెబ్బ తీస్తుంది. మలుపులో కారును నేలకు అదిమిపెట్టే బలం, అంటే డౌన్‌ఫోర్స్, సాఫీగా పారే గాలి నుంచే రావాలి. ముందు కారు ఆ గాలిని చిలికి వదులుతుంది.

ఈ పోటీల నిబంధనలు పెట్టే సంస్థ ఎఫ్‌ఐఏ లెక్కల్లో 2021 నాటి కారు 20 మీటర్ల వెనక ఉంటే 35 శాతం, 10 మీటర్లకు చేరితే 46 శాతం డౌన్‌ఫోర్స్ పోగొట్టుకునేది. అప్పుడు ముందు టైర్లు పక్కకు జారతాయి, ఆ రాపిడికి రబ్బరు పైపొర కాగిపోతుంది, పట్టు ఇంకా తగ్గుతుంది. టైరు చల్లబడాలంటే డ్రైవర్ వెనక్కి తగ్గాల్సిందే. మీరు చూస్తున్న ఊరేగింపు ఇదే.

2022లో అడుగుభాగం నుంచి ఎక్కువ బలం వచ్చేలా కార్లు మార్చాక ఆ నష్టం 20 మీటర్ల దగ్గర 4, 10 మీటర్ల దగ్గర 18 శాతానికి దిగింది. తర్వాత జట్లు ఏటా కొత్త అంచులు, మడతలు చేర్చి గాలిని మళ్లీ పాడుచేశాయి. అందుకే మా మాట ఒక్కటే: దానికి వీలిచ్చే లొసుగులను సీజన్ మధ్యలోనైనా మూసే అధికారం నిబంధనల్లోనే ఉండాలి.

2026లో కారు వెడల్పు 2000 నుంచి 1900 మిల్లీమీటర్లకు తగ్గింది, కనీస బరువూ తగ్గింది. వెనకున్న కారుకు మాత్రమే వెనక రెక్క తెరిచే వీలిచ్చిన డీఆర్ఎస్ పోయింది, గాలి అడ్డు తగ్గేలా నేరుదారిలో అందరి రెక్కలూ తెరుచుకుంటాయి. సెకను లోపు వెనకున్న కారుకు అదనపు విద్యుత్ శక్తి దొరుకుతుంది. సన్నబడ్డ కారు మాకు బాగా నచ్చింది. పక్కన చోటుంటేనే కదా పోటీ!

ప్రశ్న: రెండుసార్లు టైర్లు మార్చాలని కట్టడి పెడితే?
— చిత్తూరు పాఠకురాలు

జవాబు: 2025లో మొనాకోలో పెట్టి చూశారు. దాటే చోటే లేని వీధుల్లో అది బెడిసికొట్టింది. రేసింగ్ బుల్స్, విలియమ్స్ జట్లలో ఒక డ్రైవర్ కావాలని నెమ్మదిగా నడిపి వెనకవాళ్లను ఆపేశాడు. ఆ ఖాళీలో జట్టులోని రెండో డ్రైవర్ టైర్లు మార్చే పిట్‌కు వెళ్లి స్థానం పోకుండా తిరిగొచ్చాడు. జబ్బు ట్రాక్‌ది అయినప్పుడు టైర్ల నిబంధనతో నయం కాదు. పొడవైన నేరుదారి, దాని చివర గట్టిగా బ్రేకు వేయాల్సిన నెమ్మది మలుపు, ఆ మలుపు దగ్గర వెడల్పు ఉండాలి.

ప్రశ్న: వేగంగా ఉన్నవాళ్లను వెనక నిలబెట్టి మొదలుపెడితే రంజుగా ఉండదా?
— పలమనేరు పాఠకుడు

జవాబు: ఫార్ములా వన్‌కు కింది మెట్టు అయిన ఎఫ్2లో, స్ప్రింట్ అనే పొట్టి రేసులో చేస్తున్నారు. వరస తేల్చే క్వాలిఫయింగ్‌లో మొదటి పదిమందిని తిరగేసి నిలబెడతారు. అసలు రేసుకు మాత్రం వరస మామూలే. స్ప్రింట్ గెలిస్తే 10 పాయింట్లు, అసలు రేసుకు 25. కాబట్టి ఎవరూ కావాలని పదో స్థానానికి జారరు. ఎఫ్1లోనూ స్ప్రింట్ వరకైతే సరే. ఆదివారం రేసుకు వద్దు, ఆ రోజు వేగానికే విలువ దక్కాలి.

ప్రశ్న: మనకు దగ్గర్లో రేసు ఎక్కడ చూడొచ్చు?
— పుత్తూరు విద్యార్థి

జవాబు: శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ఉంది. 1990 నుంచి నడుస్తున్న, సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్. మీకు నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా దారి. రేసు తేదీ ముందే కనుక్కోండి. చెవుల్లో పెట్టుకోవడానికి ఇయర్‌ప్లగ్‌లు, తలకు టోపీ తీసుకెళ్లండి. చోటు దొరికితే నేరుదారి చివర, బ్రేకులు వేసే మలుపు ఎదురుగా కూర్చోండి. దాటడాలు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.