33550336 అనే సంఖ్యకు ఉన్న ప్రత్యేకత ఏమిటి?

33550336 ఏయే రకాల సంఖ్యల కిందికి వస్తుందో, పోటీ పరీక్షలకు వాటిలో ఏది గుర్తుంచుకోవాలో చెప్పమని అడిగారు. ఇది ఐదవ పరిపూర్ణ సంఖ్య (తనను మినహాయించి మిగిలిన కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చేది), త్రిభుజ సంఖ్య (1, 2, 3 అంటూ వరుస సంఖ్యలను కూడితే వచ్చేది) కూడా. 1 నుంచి 127 వరకు గల బేసి సంఖ్యల ఘనాలను కూడినా ఇదే వస్తుంది. పరీక్షకు ఈ మాత్రం చాలు. నాకు మాత్రం ఈ సంఖ్య మీద అభిమానం వేరే కారణం వల్ల కలిగింది.

దీనికి ముందున్న పరిపూర్ణ సంఖ్యలు 6, 28, 496, 8128. వీటిలో అంకెలు వరుసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు ఉన్నాయి. చివరి అంకె ఒకసారి 6, ఒకసారి 8 అవుతోంది. ఈ వరుస ఇలాగే సాగుతుందని క్రీ.శ. 100 ప్రాంతపు గ్రీకు గణితవేత్త నికోమాకస్ రాస్తే తరువాతి వారు శతాబ్దాల పాటు నమ్మారు. ఐదవది ఏకంగా ఎనిమిది అంకెలతో వచ్చింది. ఆరవదైన 8589869056 కూడా 6తోనే ముగియడంతో రెండో నమ్మకమూ పోయింది.

నేను ట్యూషన్లు చెప్పే రోజుల్లో తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు "ఐదోది దొరికింది మాస్టారూ" అంటూ 2096128 వేసుకొచ్చాడు. 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేస్తూ కూడుకుంటూ పోయి, మొత్తం ప్రధాన సంఖ్య అయిన చోట దాన్ని చివరి పదంతో గుణించాలన్న యూక్లిడ్ పద్ధతినే వాడు పట్టుకున్నాడు. కానీ 2047ను 19 వరకు భాగించి చూసి, ఇక ప్రధాన సంఖ్యే అనుకొని 1024తో గుణించేశాడు. "ఇరవై మూడుతో కూడా వేసి చూడరా" అన్నాను. సరిగ్గా 89 సార్లు పోయింది. ముఖం మాడ్చుకున్నా, మళ్లీ కూర్చొని 8191 దాకా వచ్చాడు. 8191 అంటే రెండు పదమూడవ ఘాతం కంటే ఒకటి తక్కువ కనుక, దాని ప్రధాన కారణాంకం ఏదైనా 26తో భాగిస్తే 1 శేషం రావాలి. వర్గమూలం 90 దాటిన వెంటనే ఉంది కాబట్టి పరీక్షించవలసినవి 53, 79 మాత్రమే. శేషాలు 29, 54 వచ్చాయి. ఇక 4096ను 8191తో గుణించడమే మిగిలింది.

ఇంత చక్కని తర్కం ఉండగా, కోచింగ్ నోట్సుల్లో పేర్ల జాబితా మాత్రమే అచ్చేసి బట్టీ పట్టించడం నాకు అసలు గిట్టదు. అంతకంటే విసుగు తెప్పించేవారు సంఖ్యాశాస్త్రం వారు: అంకెలు కూడితే 28, మళ్లీ కూడితే 10, ఆపై 1, కనుక ఇది సూర్యుని సంఖ్య అంటారు. 6 తప్ప ప్రతి సరి పరిపూర్ణ సంఖ్యనూ 9తో భాగిస్తే 1 శేషం వస్తుంది; ఇందులో సూర్యుని ప్రమేయం ఏమీ లేదు. అంకెల మొత్తమైన 28 కూడా పరిపూర్ణ సంఖ్యే కావడం మనం పదేసి చొప్పున లెక్కించడం వల్ల కలిసొచ్చిన విశేషం మాత్రమే. అంకెల్లోనే అందం వెతకాలనుకుంటే దీన్ని ద్విసంఖ్యామానంలో, అంటే 0, 1 అంకెలతోనే, రాసి చూడండి: పదమూడు ఒకట్లు, వాటి వెనక పన్నెండు సున్నాలు.