గుండె కాదన్నారు, మరి ఏ డాక్టర్ దగ్గరికి పోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్ళు, తాడిపత్రిలో ప్రైవేట్ స్కూల్లో టీచర్ని. ఆరు నెలల కింద అనంతపురం పోయే బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుని, చేతులు తిమ్మిర్లెక్కి, ఊపిరాడక, ఇంక పోతాననిపించింది, కండక్టరే బస్సు ఆపించి నీళ్ళు తాగించినాడు. ఆస్పత్రిలో ఈసీజీ తీసి గ్యాస్ అన్నారు. మళ్ళీ రెండుసార్లు వచ్చింది, మళ్ళీ ఈసీజీ, ఎకో, అన్నీ నార్మలే. ఇప్పుడు బస్సు చూస్తేనే భయం, రాత్రుళ్ళు నిద్ర లేదు. అత్తమ్మ గాలి సోకిందని అంత్రం కట్టించింది. చెల్లెలేమో సైకియాట్రిస్టుకి చూపించుకో అంటాది. మా ఆయన మాత్రం పిచ్చోళ్ళ డాక్టర్ దగ్గరికి పోతే ఊర్లో ఏమనుకుంటారు అంటున్నాడు. ఆ మాత్రలు మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందేనా? యాడికి పోవాలి?
– ఒక టీచర్, తాడిపత్రి

జవాబు: అమ్మా, నేను జనరల్ ఫిజీషియన్ని, మనసు డాక్టర్ని కాదు. కానీ ఇట్లా "గ్యాస్" అని వచ్చేవాళ్ళని ఏళ్ళ తరబడి చూసినా, ప్రాక్టీసు మొదట్లో నేనూ గ్యాస్ మాత్రలు రాసి పంపినవాణ్ణే, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఉత్తరం చూసి రోగం పేరు పెట్టకూడదు గానీ నువ్వు రాసింది ప్యానిక్ అటాక్ లాగే ఉంది. పులి ఎదురైతే ఒళ్ళు ఎట్లా పరిగెత్తడానికి రెడీ అవుతుందో అదే పని పులి లేకుండానే జరుగుతుంది, అడ్రినలిన్ ఎక్కుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి గబగబా తీసుకుంటాం కదా, అప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి చేతులు తిమ్మిర్లెక్కుతాయి. అంటే నీకు వచ్చింది ఉత్త భ్రమ కాదు, ఒంట్లో నిజంగానే జరిగింది. మామూలుగా పది నిమిషాల్లోపు తారస్థాయికి పోయి ఆ తర్వాత దిగిపోతుంది. గుండె పరీక్షలు అయిపోయినాయి కాబట్టి థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా ఒకసారి చూపించుకో, థైరాయిడ్ ఎక్కువైనా ఇట్లాగే దడ వస్తుంది.

ఇంక యాడికి అన్నావు. అనంతపురం పెద్దాసుపత్రిలోనే సైకియాట్రీ ఉంది. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో కూడా ఉంది, మెడికల్ కాలేజీ ఆస్పత్రులు కదా. పొద్దున్నే పోయి ఓపీ చీటీ కౌంటర్లో "సైకియాట్రీకి రాయండి" అని గట్టిగానే చెప్పు, గొణిగితే వాళ్ళు జనరల్ మెడిసిన్‌కి రాసి పంపుతారు, మళ్ళీ ఈసీజీ దగ్గరికే వస్తావు. ప్రైవేట్‌కి పోతే బోర్డు మీద పేరు పక్కన ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ గానీ డీపీఎం (మనసు వైద్యంలో డిప్లొమా) గానీ ఉందా చూసుకో. మనసు జబ్బులకి పెద్దాసుపత్రి బెంగళూరు నిమ్హాన్స్ మనకి దగ్గరే గానీ మొదటే అంత దూరం ఉరకాల్సిన పని లేదు.

సైకాలజిస్టు వేరే. మాత్రలు రాయరు, మాట్లాడి ట్రీట్‌మెంట్ ఇస్తారు. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉంటుంది, నంబర్ అడుగు, తప్పేం లేదు. ఉత్త "కౌన్సిలర్" అని బోర్డు ఎవరైనా తగిలించుకోవచ్చు.

పోయే ముందు ఒక నోటుపుస్తకం పేజీలో రాసుకో: మొదటిసారి ఎప్పుడు వచ్చింది, ఎంతసేపుంది, నెలకి ఎన్నిసార్లు, భయపడి ఏమేం మానేసినావు, రోజుకి ఎన్ని టీలు, ఇప్పుడు వాడే మాత్రలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లా ఉండిందా. డాక్టర్ ముందు కూచున్నాక ఏడుపొస్తుంది, సగం మర్చిపోతాం, అందుకే కాగితం. పాత ఈసీజీలు కూడా ఎత్తుకుపో.

మాత్రల సంగతి. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి రాస్తే అవి అలవాటు పడి వదల్లేని మత్తు మాత్రలు కావు, కానీ పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, తలనొప్పి, కొంతమందికి దడ ఇంకొంచెం ఎక్కువే అవుతుంది, అయిదో రోజు "ఇవి పడలేదు" అని మానేసేది సరిగ్గా అప్పుడే, నేను చూసినవాళ్ళలో సగం ట్రీట్‌మెంట్లు అక్కడే ఆగిపోయినాయి. మానకు, పోయి డాక్టర్‌కే చెప్పు, డోసు తగ్గించి మెల్లగా పెంచుతారు. బాగైనాక కూడా ఆరు నెలలో ఏడాదో వాడించి నిదానంగా తగ్గిస్తారు, జీవితాంతం అనేది అందరికీ కాదు. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ వేరే జాతి. అరగంటలో ప్రాణం హాయిగా ఉంటుంది, అదే దాంతో చిక్కు, అలవాటైపోతుంది, ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ కొద్దిరోజులకి రాస్తే సరే గానీ పక్కింటామె స్ట్రిప్పులో నుంచి మాత్రం వద్దు.

బస్సు భయానికి సీబీటీ అని, మాట్లాడి మెల్లగా అలవాటు చేయించే ట్రీట్‌మెంట్ ఉంది, సుమారు పన్నెండు సిట్టింగులు పడుతుంది. ముందు బస్టాండులో ఆగిన బస్సులో ఊరికే కూచోమంటారు, తర్వాత ఒక స్టాప్, తర్వాత రెండు, దడ వచ్చినా దిగకుండా అది తగ్గేదాకా. నువ్వు బస్సు మానేసే కొద్దీ భయం బలుస్తుంది.

మీ ఆయనకి చెప్పు, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం నీ వివరాలు గోప్యంగా ఉంచాల్సిందే, ఊర్లోకి రావు. నీతోపాటు ఒకసారి ఓపీకి రమ్మను, ఆ లైన్లో ఎట్లాంటోళ్ళు ఉంటారో చూస్తే ఆయనకే తెలుస్తుంది, టీచర్లు, పోలీసులు, పరీక్షల పిల్లలు. అంత్రం తీయొద్దులే, మాత్రతో దానికేం కొట్లాట లేదు, అత్తమ్మకి నిమ్మళంగా ఉంటుంది.

ప్రశ్న: సార్, మాది ఆదోని. ఇంటర్వ్యూ అంటే చేతులు వణుకుతాయి, గొంతు పడిపోతుంది. ఆస్పత్రికి పోవాలంటే సిగ్గు, ఫోన్లో ఎవరైనా మాట్లాడతారా? ఫ్రెండు దడ తగ్గే మాత్ర ప్రొప్రనొలాల్ ఇచ్చినాడు, వాడొచ్చా? నేను ఆస్తమాకి ఇన్హేలర్ వాడతా.
– డిగ్రీ అబ్బాయి

జవాబు: నాయనా, ఆ మాత్ర వేసుకోకు. ఆస్తమా ఉన్నోళ్ళకి అది ఊపిరి పట్టేసేలా చేస్తుంది, ప్రమాదం. నీ ఫ్రెండుకి డాక్టర్ ఇచ్చింటారు, నీకివ్వలేదు. ఫోన్ కావాలంటే 14416, టెలీ మానస్ అని మనసు బాధలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది, ఫ్రీ, రాత్రి రెండింటికైనా తీస్తారు, తెలుగులో మాట్లాడతారు. అవసరమైతే దగ్గర్లో ఎవరికి చూపించుకోవాలో వాళ్ళే చెప్తారు. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు ఎప్పుడైనా వస్తే ఇంటర్వ్యూ సంగతి పక్కన పెట్టి ఆ క్షణమే ఆ నంబర్‌కి ఫోన్ చెయ్, ఇంట్లో ఒకరికి కూడా చెప్పు. ఈసారి ఇన్హేలర్ చీటీ కోసం పోయినప్పుడు మీ డాక్టర్‌కి ఈ వణుకు గురించి కూడా ఒక ముక్క వెయ్, ఎట్లాగూ పోతావు కదా.