నాన్న పోయిన రాత్రి నేను ఓడలో రోగి పక్కన ఉన్నాను

ప్రశ్న: మేడమ్, నాకు 36 ఏళ్లు. సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌ని. మా ఓడలో డాక్టరుండడు, మందులూ మాకులూ చూసే బాధ్యత నాదే. కిందటి ట్రిప్పులో నడిసముద్రంలో ఉండగా ఇంజన్ రూమ్‌లో పనిచేసే కుర్రాడికి అపెండిసైటిస్ వచ్చింది. హెలికాప్టర్ రాగల దూరం కాదు. ఒడ్డున ఉన్న డాక్టర్లు ఫోన్‌లో చెబుతుంటే సెలైన్ ఎక్కిస్తూ, ఇంజెక్షన్లు ఇస్తూ కనిపెట్టుకుని ఉన్నాను. రెండో రాత్రి నాన్న పోయారని ఫోన్ వచ్చింది. రేవు ఇంకా నాలుగు రోజుల దూరం. కర్మంతా తమ్ముడే చేశాడు. నేను ఇంటికొచ్చాక, "పెద్దకొడుకు ఉండి కూడా తలకొరివి నేను పెట్టాల్సొచ్చింది. ఈయనేమో ఎవడికో సూదులు పొడుస్తూ కూర్చున్నాడు" అని పదిమందిలో అన్నాడు. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. నాన్నకు గుండె జబ్బు ముదిరిందని రెండు నెలలుగా ఇంట్లో అందరికీ తెలుసట. "వాడికి చెప్పొద్దు" అని నాన్నే అన్నారట. రోజూ నాతో మాట్లాడే నా భార్య కూడా చెప్పలేదు. అది వేరే సంగతి. ఓడ ఉద్యోగం మానేయాలా? సంవత్సరీకం లోపు తమ్ముణ్ణి ఎలా దారికి తెచ్చుకోవాలి?

జవాబు: ఉద్యోగం గురించి ఇప్పుడు అడగకండి. నాన్న పోయిన బాధలో ఉద్యోగం వదిలేస్తే అది నిర్ణయమనిపించుకోదు, మీకు మీరు వేసుకున్న శిక్ష అవుతుంది.

ఆ నాలుగు రోజుల సంగతి తేల్చేద్దాం. వందమంది, ఆపైన మనుషులుండి మూడు రోజులు దాటిన అంతర్జాతీయ ప్రయాణం చేసే ఓడల్లోనే డాక్టర్ తప్పనిసరి అని 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక చెబుతుంది. మిగతా ఓడల్లో శిక్షణ తీసుకున్న మీలాంటివాళ్లే దిక్కు. మీరు ఆ కుర్రాణ్ణి వదిలేసి కేబిన్ తలుపేసుకుని ఏడ్చినా రేవు ఒక్క మైలు దగ్గరయ్యేది కాదు. ఇంకో ఇంట్లో తలకొరివి పెట్టాల్సిన పరిస్థితి మాత్రం వచ్చేదేమో. ఇది మీకు తెలియదని అనుకోను. తమ్ముడికీ తెలిసే ఉంటుంది. అయినా రెండు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగి, చివరికి నిప్పు పెట్టినవాడు ఎవరో ఒకరి మీద అరవాలి. మీరు దొరికారు. అతని మాట తప్పు, అతని అలసట నిజం.

మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్న వాక్యం ఇంకొకటుంది. తమ్ముడి గురించి అంత రాశారు, భార్య గురించి రెండే వాక్యాలు. రోజూ మాట్లాడుతూ రెండు నెలలు దాచింది అన్నారు, వెంటనే 'అది వేరే సంగతి' అని తలుపు మూసేశారు. నా లెక్కలో అసలు సంగతి అదే. తమ్ముడు పదిమందిలో అన్న మాటకు మీకు పౌరుషం వచ్చింది. భార్య మౌనం దగ్గర మాత్రం మీకు మాటే రావడం లేదు.

మీ కోపంలో న్యాయం ఉంది. ఇంట్లో అత్యవసరం వచ్చినప్పుడు తక్కువ నోటీసుతో, జరిమానా లేకుండా కాంట్రాక్టు ముగించుకోవాల్సిన అవసరాన్ని లెక్కలోకి తీసుకోమని ఆ ఒడంబడికే అంటుంది. రెండు నెలల ముందే తెలిసుంటే మధ్యలో ఏదో రేవులో దిగే ప్రయత్నం చేసేవారు. నాన్నతో కొన్నాళ్లు గడిపేవారేమో. ఆ అవకాశం మీ చేతికి రాకుండానే పోయింది. కానీ దాన్ని పోగొట్టింది ఎవరు? 'వాడికి చెప్పొద్దు' అన్నది మీ నాన్న. పోయినవారి మీద కోపం తెచ్చుకోవడం మన ఇళ్లలో పాపం. అందుకని ఆ కోపం బతికున్న మనిషి మీదికి, అదీ ఎదురుచెప్పలేని కోడలి మీదికి మళ్లింది.

ఈ సందర్భంలో అంతరిక్షం కథ ఒకటి చెప్పాలి. 1977 డిసెంబరు నుంచి 1978 మార్చి దాకా సోవియట్ వ్యోమగాములు రొమానెంకో, గ్రెచ్కో శాల్యూత్-6 స్టేషన్‌లో 96 రోజుల యాత్ర చేశారు. ఆ మధ్యలో గ్రెచ్కో తండ్రి చనిపోయారు. కింద ఉన్న అధికారులు ఆయనకు చెప్పలేదు. రొమానెంకోకు తెలుసు. ఆ ఇరుకు గదుల్లో, పక్కనే తింటూ, పక్కనే పడుకుంటూ ఆయన ఆ మాట కడుపులోనే దాచుకున్నాడు. భూమ్మీదికి దిగాకే గ్రెచ్కోకు తెలిసింది. ఈ కథ విన్నవాళ్లంతా గ్రెచ్కో మీద జాలిపడతారు. నాకెప్పుడూ రొమానెంకోయే గుర్తొస్తాడు. మీ ఇంట్లో ఆ పాత్ర మీ భార్యది. పైగా ఆయనకున్నట్టు ఆవిడకు హోదా లేదు, పతకాలూ లేవు. పగలు మామగారికి మందులివ్వడం, రాత్రి మీతో వీడియో కాల్‌లో నవ్వు మొహం పెట్టి 'మామయ్యగారు బాగానే ఉన్నారు' అనడం. మీరు ఓడలో చేసిన డ్యూటీకి తక్కువేం కాదది. మీకు ఫోన్‌లో దారి చెప్పడానికి డాక్టర్లన్నా ఉన్నారు.

అలాగని ఆవిడ చేసింది మంచి పనేనని నేననను. పెద్దల మాటకు ఎదురుచెప్పి అయినా చెప్పాల్సింది. మొగుడూ పెళ్లాల మధ్య అబద్ధం పెట్టే హక్కు మామగారికి కూడా లేదు, ఎంత ప్రేమతో అయినా సరే. ఈ విషయంలో నేను మెత్తబడను. అయితే ఆవిడ ఏం చేసినా మాటపడేదే. చెప్పి ఉంటే మామగారి మాట మీరిన కోడలు, చెప్పకపోతే మొగుణ్ణి మోసం చేసిన భార్య. కర్మలో మీకూ తమ్ముడికీ ఒక స్థానం ఉంది, వచ్చినవాళ్లు మిమ్మల్నే ఓదార్చారు. ఆవిడ ఎప్పుడు ఏడ్చిందో మీకు తెలుసా? మీ ఉత్తరాన్ని బట్టి తెలియదనే అనుకుంటున్నాను.

ఈ వారంలోనే, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు ఆవిడతో కూర్చోండి. 'ఎందుకు చెప్పలేదు' అని మొదలుపెట్టొద్దు. ఆ ప్రశ్నకు జవాబు మీకు ఇప్పటికే తెలుసు. ఆ రెండు నెలలు ఎలా గడిచాయో చెప్పమనండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ తర్వాత మీ కోపమూ చెప్పండి, మింగొద్దు. మింగిన కోపాన్ని ఓడెక్కించుకుని ఏడెనిమిది నెలలు తిప్పితే ఏమవుతుందో మీకే తెలుసు. అక్కడ రాత్రి వాచ్‌లో మాట్లాడే తోడు కావాలనిపిస్తే సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత సర్వీసుంది, 24 గంటలూ పలుకుతారు.

మళ్లీ ఓడెక్కే ముందు ఇద్దరూ ఒక ఒప్పందానికి రండి: ఇంట్లో ఏం జరిగినా, ఎవరు వద్దన్నా, ఆ రోజే మీకు చెప్పాలి. ఈ మాట అమ్మ ముందూ తమ్ముడి ముందూ మీ నోటితోనే చెప్పండి, ఇంకెప్పుడూ ఆవిడ ఇరుక్కోకుండా. 2007 డిసెంబరులో డేనియల్ టానీ అనే అమెరికా వ్యోమగామి అంతరిక్ష కేంద్రంలో ఉండగా ఆయన తల్లి ప్రమాదంలో చనిపోయారు. ఆయనకు వెంటనే చెప్పారు. ఆయన కూడా అంత్యక్రియలకు రాలేకపోయాడు, ఫిబ్రవరి దాకా దిగే వీల్లేదు. కానీ ఆయన ముందు ఎవరూ నవ్వు మొహం పెట్టి నటించాల్సిన పని పడలేదు. ఇలా మాట్లాడుకున్నాక ఓడెక్కాలో మానాలో ఇద్దరూ కలిసి తేల్చుకోండి.

తమ్ముడికి క్షమాపణ అక్కర్లేదు. రాలేకపోవడం మీ తప్పు కాదు. సంవత్సరీకం ఖర్చులో నా వాటా ఎంత అని మాత్రం మొదలుపెట్టకండి, డబ్బు మాటతో ఉన్న పుండు ఇంకా రేగుతుంది. ఇంటికి వెళ్లి, నాన్న చివరి రోజు ఎలా గడిచిందో చెప్పమని అడగండి. మీరు లేని ఆ రోజంతా చూసినవాడు అతనే.