టీచరమ్మను అడగండి: ఒక బొమ్మ, ఒక స్కిట్, మధ్యలో ఒక ప్రశ్న

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మేం ముగ్గురు స్నేహితులం, డిగ్రీ చదువుతున్నాం. కామిక్స్ అన్నా, కామెడీ స్కిట్లన్నా మాకు ప్రాణం. రెండు నెలల కిందట తెలుగులో పాడ్‌కాస్ట్ మొదలుపెట్టాం. మొదటి ఎపిసోడ్ ‘మాకు ఇష్టమైన కామిక్స్’, రెండోది ‘మాకు ఇష్టమైన స్కిట్లు’, మూడోది ‘టాప్ టెన్ కమెడియన్లు’. నాలుగోదాని కోసం మొన్న ఆదివారం రెండు గంటలు కూర్చున్నాం. ఒక్క ఐడియా రాలేదు. ప్రతి ఎపిసోడ్‌కీ ఒక థీమ్ ఉండాలని తెలుసు. దాన్ని ఎక్కణ్ణుంచి తేవాలో తెలియడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: తల్లీ, మీ మూడు ఎపిసోడ్ల పేర్లు చూస్తేనే విషయం తెలిసిపోయింది. ‘ఇష్టమైనవి’ అన్నది థీమ్ కాదు, జాబితా. ఇష్టాలన్నీ చెప్పేశాక ఇంకేం మిగులుతుంది? మీలో సరుకు లేక కాదు, సరుకంతా మూడు ఎపిసోడ్లలో గుమ్మరించేశారు.

నాకూ ఒకసారి ఇలాగే అయింది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ఒక వార్షికోత్సవానికి పిల్లలచేత ఆరు స్కిట్లు వేయించాను. డాక్టరు దగ్గర ఒకటి, పెళ్ళిచూపులు ఒకటి, దొంగా పోలీసూ ఒకటి. విడివిడిగా ఒక్కోటీ బాగానే ఉంది. కానీ నాలుగోది మొదలయ్యేసరికి వెనక వరసల్లోవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నారు. పిల్లల ముఖాలు చూసి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరుసటేడు అదే పిల్లలచేత మళ్ళీ ఆరు స్కిట్లు వేయించాను. ఈసారి అన్నీ ఒకే బస్సులో జరిగాయి. పాతపట్నం నుంచి మన ఊరికి వచ్చే బస్సు. వేదిక మీద ఎనిమిది కుర్చీలు, అంతే. ఒడిశా సరిహద్దు దాటగానే ఒకాయన తెలుగు మాట సగంలో ఆపి మిగతా సగం ఒడియాలో పూర్తిచేస్తాడు. ఒకావిడ గొంతు తగ్గిస్తుంది. ఇంకొకాయన పెంచుతాడు. ‘గీత దాటితే మనిషి మారతాడా’ అన్న ఒక్క ప్రశ్న ఆరింటికీ వెన్నెముక అయింది. చివరిదాకా ఒక్కరు లేవలేదు.

బస్సు అక్కడ చోటు మాత్రమే. జనాన్ని కూర్చోబెట్టింది ఆ ప్రశ్న. మీ పాడ్‌కాస్ట్‌కి నేను చెప్పేదీ ఇదే: ఒక కామిక్ తీసుకోండి, ఒక స్కిట్ తీసుకోండి, ఆ రెంటినీ ఒకే ప్రశ్నకు తగిలించండి. ప్రశ్న మీకు నిజంగా జవాబు తెలియనిదై ఉండాలి. తెలిసినదైతే పాఠం చెప్పినట్టు ఉంటుంది, వినేవాళ్ళకి అది వెంటనే తెలిసిపోతుంది.

ఒక ఉదాహరణ. ఆర్.కె. లక్ష్మణ్ గారి కామన్ మ్యాన్ మీకు తెలిసే ఉంటాడు. 1951 నుంచి టైమ్స్ ఆఫ్ ఇండియాలో, గళ్ళకోటు, పంచె, నెత్తిన నాలుగు వెంట్రుకలు. మంత్రులు మాట్లాడతారు, అధికారులు మాట్లాడతారు, ఆయన మాత్రం నోరు విప్పడు. అయినా మన కళ్ళు ఆయన మీదే ఉంటాయి. ఇప్పుడు మీరు చూసిన స్కిట్లలో అస్సలు మాట్లాడని మనిషిని ఒకణ్ణి వెతకండి. పక్కన నిలబడి చూస్తూ ఉండేవాడు. దొరికాడా? దొరక్కపోతే ఎందుకు లేడు? బొమ్మలో మౌనం నవ్విస్తుంది కదా, వేదిక మీద మౌనానికి మనం ఎందుకు భయపడుతున్నాం? పాడ్‌కాస్ట్‌లో అయితే మౌనం అంటే శబ్దమే లేకపోవడం. ‘మాట్లాడనివాడు’ అన్న పేరుతో ముప్పై నిమిషాలు మీకు చాలవు. ఎపిసోడ్ మధ్యలో నాలుగు సెకన్లు నిజంగా ఊరుకుని చూడండి. విన్నవాళ్ళకి ఏమనిపించిందో వచ్చే వారం అడగండి.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైనది. బీబీసీలో 1969 నుంచి 1974 దాకా మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్ అని స్కిట్ల కార్యక్రమం వచ్చింది, మొత్తం 45 ఎపిసోడ్లు. అందులో స్కిట్‌కి చివర పంచ్ ఉండి తీరాలన్న నియమాన్ని వాళ్ళు పక్కన పెట్టేశారు. సగంలో ఆగిపోయేది, మధ్యలో ఒక బొమ్మ వచ్చి కథను ఇంకెక్కడికో లాక్కుపోయేది. పాత ఫొటోలు, పాత పుస్తకాల్లోని బొమ్మలు కత్తిరించి వాటిని కదిలించినవాడు టెర్రీ గిలియమ్. ఈ గిలియమ్ అంతకుముందు న్యూయార్క్‌లో హెల్ప్ అనే హాస్యపత్రికలో పనిచేశాడు. ఆ పత్రిక నడిపిన హార్వీ కర్ట్జ్‌మన్ 1952లో మ్యాడ్ అనే హాస్య కామిక్‌ను మొదలుపెట్టినవాడే. హెల్ప్‌లో ఫొటోలు వరసగా పేర్చి, మాటలు రాసి కామిక్‌లా కథలు వేసేవారు. 1965లో అలాంటి ఒక ఫొటోకథలో నటించడానికి వచ్చాడు జాన్ క్లీస్. ఇద్దరికీ అక్కడ పరిచయం. తరవాత లండన్‌లో ఇద్దరూ ఒకే మాంటీ పైథాన్ జట్టు. మీరు కామిక్స్, స్కిట్లు రెండు వేరు పెట్టెల్లో పెట్టి రెండు ఎపిసోడ్లు చేశారు చూడు, అవి ఒక పత్రిక ఆఫీసులో ఇలా కలుసుకున్నాయి.

అక్కడితో ఆగకండి. మన తోలుబొమ్మలాటకు రండి. రామాయణం నడుస్తుంటే మధ్యలో కేతిగాడు, బంగారక్క దూకుతారు. కథకు సంబంధం లేని గొడవ పడతారు, మాయమవుతారు, మళ్ళీ రాముడు వస్తాడు. గిలియమ్ బొమ్మ చేసే పని, కేతిగాడు చేసే పని ఒకటేనా? నా లెక్కన సగం ఒకటే. గిలియమ్ బొమ్మ కథను తెంపుతుంది. కేతిగాడు కథకు ఊపిరి తీసుకునే సందు ఇస్తాడు. మీరు ఒప్పుకోనక్కర్లేదు. ముగ్గురిలో ఒకరు కాదంటేనే ఎపిసోడ్ బాగుంటుంది.

మూడోది తేలిక. టింకిల్ పిల్లల పత్రికలో సుప్పాండి 1983 నుంచి చెప్పింది చెప్పినట్టు చేసి కొంప ముంచుతున్నాడు. మనకు పరమానందయ్య శిష్యులు ఉన్నారు. స్కిట్లలో పనివాడి వేషాలన్నీ ఆ బాపతే. ఆజ్ఞ ఇచ్చినవాడి తప్పా, విన్నవాడి తప్పా?

ఇక కూర్చునే పద్ధతి. ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతూ ఆలోచించకండి. గొంతు పెద్దదైనవాళ్ళ ఐడియా గెలుస్తుంది, మిగతా ఇద్దరూ తలూపుతారు. ముందు ఎవరింట్లో వాళ్ళు పెళ్ళికార్డుల వెనక తెల్లవైపు ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద ‘ఇది నాకెందుకు నవ్వొచ్చింది’ అనో, ‘ఇది అందరికీ నవ్వొస్తే నాకెందుకు రాలేదు’ అనో ఒక్కొక్కటి రాయండి. తలా పదిహేను. మొదటి ఐదారు ఎవరైనా రాసేవే ఉంటాయి, వాటి గురించి బెంగ వద్దు. పదో ముక్క దాటాక మీ సొంతవి మొదలవుతాయి. అప్పుడు కలిసి చాప మీద అన్నీ పరచండి. బొమ్మల ముక్కలు ఒకవైపు, స్కిట్ల ముక్కలు ఒకవైపు. ఇటొకటి, అటొకటి పక్కపక్కన పెట్టి చూడండి. చాలా జతలు కుదరవు. కుదిరిన జత దగ్గర ముగ్గురూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతారు. అదే మీ ఎపిసోడ్.

దాన్ని టీకొట్టు దగ్గర పరీక్షించండి. థీమ్‌ను ఒక్క వాక్యంలో చెప్పండి. ‘బాగుంది’ అంటే పక్కన పెట్టేయండి. ‘మా బావ ఒకడున్నాడు, వాడూ అంతే...’ అని ఎదుటివాళ్ళు తమ కథ ఎత్తుకుంటే రికార్డు చేసుకోండి.

బొమ్మ కనబడని చోట కామిక్స్ గురించి ఎలా మాట్లాడాలన్న సందేహం నువ్వు రాయలేదు కానీ మీకు వచ్చే ఉంటుంది. దాన్నే ఎపిసోడ్ చేయండి. మన పక్క శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారు చందమామకు వేసిన ముఖచిత్రం ఒకటి నువ్వు చూసి నోటితో చెప్పు. అది చూడని మీ స్నేహితుడు వింటూ కాగితం మీద గీయాలి. చివర అసలు బొమ్మ పక్కన పెట్టి ఎక్కడెక్కడ తప్పిందో మాట్లాడండి. మాటకు ఏది అందదో అప్పుడు తెలుస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి. వేరేవాళ్ళ స్కిట్‌ను మొత్తం చదివి వినిపించకండి, అది వాళ్ళ కష్టం. రెండు మాటలు ఉదహరించి మీ మాట చెప్పండి. పూర్తిగా ఆడి వినిపించాలని ఉంటే కందుకూరి వీరేశలింగం గారి ప్రహసనాలు, అంటే చిన్న హాస్యనాటికలు, ఉన్నాయి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. ఆయన 1919లో పోయారు కాబట్టి ఇప్పుడవి అందరివీ. 2013లో ఈటీవీలో జబర్దస్త్ వచ్చాక స్కిట్ అన్న మాట ఇంటింటికీ చేరింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ‘ప్రహసనం’ అన్న మాట ఆ పని చేస్తూ ఉంది. ఈ రెండు మాటల మధ్య దూరం కూడా ఒక ఎపిసోడే.

మే 20కి మాత్రం ఒకటి దాచుకోండి. ఆ రోజు తెలుగు కార్టూనిస్టుల దినం, తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజు. తెలుగు కార్టూన్‌కు ఆద్యుడని చెప్పుకునే ఆయనది మన జయపురం. ఒడిశాలో ఉండి తెలుగు కార్టూన్ గురించి మాట్లాడుతున్న మీరు ఆ రోజు ఊరుకుంటే నేను ఊరుకోను.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి కాలేజీ ఫంక్షన్లలో స్కిట్లు వేస్తాడు. ఏ స్కిట్ చూసినా తెలివితక్కువ పాత్రకు మన ఉత్తరాంధ్ర యాసే పెడతారు. ‘ఏటి’ అనగానే హాలంతా నవ్వు. వాడూ అదే నేర్చుకున్నాడు. ఇంట్లో మేం మాట్లాడేది అదే యాస. నాకు మనసు నొచ్చుకుంటోంది. తప్పంటారా?
– ఒక తల్లి, రాయగడ

జవాబు: మీ మనసు నొచ్చుకోవడం సరైనదే అమ్మా. మీ అబ్బాయిని కోప్పడకండి, ఒక పరీక్ష పెట్టండి. ఆ డైలాగునే పుస్తకాల తెలుగులో చెప్పమనండి. నవ్వు ఇంకా మిగిలి ఉంటే అందులో జోకు ఉన్నట్టు. నవ్వంతా పోతే అక్కడ జోకే లేదు, మీ నోటి మాటను చూసి నవ్వుతున్నారు.

యాస మీద ఆంక్ష పెట్టమని కాదు. మన యాసలో తెలివైనవాడు, మొండివాడు, ప్రేమించేవాడు కూడా మాట్లాడాలి. గిడుగు రామమూర్తి గారు మన పర్లాకిమిడిలోనే ఉపాధ్యాయుడిగా ఉండి, సవర గిరిజనుల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని, జనం నోట్లో మాటకే పుస్తకంలో చోటు ఉండాలని ఏళ్ళ తరబడి వాదించారు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిశాక ఆయన ఇక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. ఆ ఊళ్ళో ఉంటూ ‘ఏటి’ అన్న మాట నవ్వులపాలు కావడం నేను ఒప్పుకోలేను.

మన దగ్గర నవ్వుకు వేరే గని ఉంది, అబ్బాయికి అది చూపించండి. మా ఇంటికి ఒకసారి ఒడియా బంధువొకాయన భోజనానికి వచ్చారు. మా అత్తగారు అన్నం వడ్డిస్తూ ‘చాలా?’ అన్నారు. ఒడియాలో ‘చాల’ అంటే పద, నడు అని. ఆయన చేయి ఆగిపోయింది, అత్తగారి చేయీ ఆగిపోయింది. అలాగే ఒడియాలో ‘పిలా’ అంటే మగైనా ఆడైనా బిడ్డే. తెలుగు చెవికి ‘పిల్ల’ అని వినిపిస్తే కొడుకు కాస్తా కూతురైపోతాడు. ఇందులో తెలివితక్కువవాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరూ మర్యాదస్తులే, రెండు భాషలూ మంచివే. నవ్వు మధ్యలో పుట్టింది. మీ అబ్బాయిని అలాంటి స్కిట్ ఒకటి రాయమనండి, రాశాక నాకు పంపమనండి. గుణుపురం అమ్మాయికి చేరుస్తాను.

ప్రశ్న: నా దగ్గర పాత చందమామలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. మా పక్కింటివారు వదిలి వెళ్ళిన ఒడియా జహ్నమాములూ కొన్ని ఉన్నాయి. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారు. ఎవరికైనా పనికొస్తాయా, పాతపేపర్లవాడికి ఇచ్చేయనా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అయ్యా, దయచేసి ఇవ్వకండి! 1947 జులైలో చందమామ మొదలైంది. అదే పత్రిక ఒడియాలో జహ్నమాము, మరాఠీలో చాందోబా. అవే బొమ్మలు, వేరే అక్షరాలు. శంకర్ గారు గీసిన విక్రముడు అన్ని భాషల్లోనూ అదే కత్తి పట్టుకుని అదే శవాన్ని మోస్తాడు. రెండు భాషల్లో ఒకే కథ ఉన్న సంచికలు మీ పెట్టెలో జతగా దొరికితే విడిగా తీసి పెట్టండి. వాటిల్లో ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీలుంటే అవీ గుర్తు పెట్టండి. రెండు ఫొటోలకు పాఠకులు రాసి పంపిన వ్యాఖ్యలు అవి. పిల్లలు వాటినే పాడ్‌కాస్ట్‌లో మళ్ళీ ఆడుకోవచ్చు.

గుణుపురం పిల్లలు మీ ఇంటికి రావడానికి సిద్ధంగా ఉన్నారో లేదో కనుక్కుని, మీ అనుమతి తీసుకుని ఇద్దరినీ కలుపుతాను. ఈలోగా ఒక పొడి ఎండ రోజు చూసి పుస్తకాలను నీడలో ఆరబెట్టండి, నేరుగా ఎండలో వద్దు, రంగులు పోతాయి. పెట్టె అడుగున ఎండిన వేపాకు వేయండి.